పైడిరాజు విమానం నీడ

ఆదివారం పొద్దున్న సూరాడపేట ఒడ్డున నెత్తళ్ళు ఆరబోసే ఆడవాళ్ళకి రెండు పనులుంటాయి. ఒకటి కాకుల్ని తోలడం, రెండోది పైడిరాజు విమానం నీడని తిట్టడం.

కాకులు నయం, తిడితే ఎగురుతాయి. నీడకి ఆ సిగ్గు కూడా లేదు. సముద్రం మీంచి వస్తుంది, తడి ఇసక మీద రెండు రెక్కలూ పరుచుకుంటుంది, వలల మీంచీ, నెత్తళ్ళ మీంచీ, గంగమ్మ రాయి మీంచీ పాక్కుంటూ పోయి సరుగుడు తోపులో దూరిపోతుంది. తలెత్తి చూస్తే ఆకాశంలో ఏమీ ఉండదు. చప్పుడూ ఉండదు. కోళ్ళు మాత్రం గద్ద వచ్చిందనుకుని పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటాయి.

“ఒరే పైడిరాజూ, నీ సేతులిరిగిపోనూ! నా సేపల మీంచి తియ్యరా నీ ఇమానాన్ని!” అని తాతమ్మ చీపురుతో నీడని బాదుతుంది. తిట్టేశాక, వాడి ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగిందని గుర్తొచ్చి నాలుక కరుచుకుంటుంది. తాతమ్మ వాడికి సొంత నాయనమ్మ. ఇంట్లో మనిషే ఇలా అంటే, బయటివాళ్ళ నోళ్ళు ఎలా ఉంటాయో మీరే అనుకోండి బాబూ.

ఆ సమయానికి పైడిరాజు పేటలో ఉండడు. భోగాపురం జంక్షన్లో, యుగంధర్ దుకాణం లోపలి గదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. అక్కడ వాడు తెర మీద విమానం నడిపితే ఇక్కడ ఇసక మీద నీడ పడుతుంది. అలా ఎందుకు పడుతుందని పేటలో ఎవరూ అడగలేదు. అరసవల్లి వెళ్ళినవాళ్ళకి తెలుసు, సూర్యనారాయణమూర్తి పక్కనే ఛాయాదేవి నిలబడి ఉంటుంది. నీడ కూడా దేవతేనండీ. ఎక్కడ పడాలో ఆ తల్లికి మనం చెబుతామా? పేటవాళ్ళ గొడవల్లా ఒకటే. పడితే పడింది, మా చేపల మీదే ఎందుకు పడాలని.

ఆ ఒడ్డున ఒక కట్టుబాటుంది. వేటకి బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగకూడదు. ‘ఎల్లిరా’ అనాలి, అంతే. తెలియక ఎవరైనా అడిగేస్తే, ఆ మనిషి ఇంటికి తిరిగివచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచీ బయల్దేరాలి. సూరాడపేటలో పిల్లలు మాటలతో పాటే దీన్నీ నేర్చుకుంటారు.

మూడేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున పైడిరాజూ, వాడి మేనమామ కొడుకు దాలయ్యా పడవ తోస్తున్నారు. ఐసు లారీతో కొత్తగా వచ్చిన క్లీనరు, పాపం పైఊరినుంచి వచ్చినవాడు, గట్టు మీంచి కేకేశాడు. “ఎక్కడికి గురూ?”

దాలయ్య తోసేవాడల్లా ఆగిపోయాడు. పైడిరాజు మాత్రం పకపకా నవ్వాడు. “సంద్రం మీదకి కాపోతే సినిమాకేటి? తొయ్యి బావా!”

మూడో కెరటం విరిగే చోట పడవ బోర్లాపడింది. దాలయ్యని సముద్రం ఉంచేసుకుంది. పైడిరాజుని ఎడమ భుజం నలగ్గొట్టి ఒడ్డుకి విసిరేసింది. ఆ చెయ్యి ఇప్పుడు భుజం పైకి లేవదు. వల లాగలేడు, తెడ్డు వెయ్యలేడు. పడవ మీద వాడికి చోటు లేదు.

దాలయ్య తండ్రి అసిరయ్య ఆ రోజు నుంచీ మేనల్లుడితో ఒకే ఒక్క మాట మాట్లాడతాడు. పైడిరాజు సైకిలు తీసి సందు మొగకి వచ్చేసరికి, పడవ అంచు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా అడుగుతాడు.

“ఎక్కడికిరా?”

పైడిరాజు సైకిలు వెనక్కి తిప్పుతాడు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటాడు, గడప మీద కూర్చుంటాడు, నీళ్ళు తాగుతాడు, మళ్ళీ బయల్దేరతాడు. మనసు మరీ మండిన రోజున అసిరయ్య రెండోసారి కూడా అడుగుతాడు. పైడిరాజు రెండోసారీ వెనక్కి వెళతాడు.

“ఆడు కావాలని అడుగుతన్నాడురా, నువ్వెందుకు తిరిగొస్తావు?” అని తాతమ్మ నెత్తి కొట్టుకుంటుంది.

“అడగడం అడిగినాడు గదా మామ్మా,” అంటాడు పైడిరాజు.

యుగంధర్‌ది జిరాక్సు, నెట్టు దుకాణం. వాళ్ళ నాన్న కాలంలో అది కిరాణా కొట్టు. వాన పడితే ఇప్పటికీ గోడల్లోంచి బెల్లం వాసన వస్తుంది. చెయ్యి పోయిన పైడిరాజుని జిరాక్సు మిషను దగ్గర పెట్టుకుని, “కాయితాలన్నీ సేపల వాసనొస్తన్నాయిరా, ఎమ్మార్వో ఆఫీసులో ముక్కు మూసుకుంటన్నారు” అని రోజూ విసుక్కునేవాడు. ఒకరోజు అలా విసుక్కుంటూనే, తను సరదాకి కొనుక్కున్న జాయ్‌స్టిక్ వాడి కుడి చేతిలో పెట్టాడు.

అదొక ఆటండీ. పాత యుద్ధాల నాటి విమానాలు తెర మీద ఎగురుతాయి. ఎక్కడెక్కడి వాళ్ళో నెట్టులో కలుసుకుని, ఆనాటి వైమానిక దళాల నమూనాలో దళాలు కడతారు. అవే రంగులు, అవే చిహ్నాలు, హాజరు పిలుపు, సెల్యూట్లు. అలాంటిదే డేగల దళం. పెద్ద యుద్ధం రోజుల్లో బంగాళాఖాతం మీద శత్రువుల ఓడల కోసం గస్తీ తిరిగిన దళాల్ని చూసి కట్టుకున్నారు. దానికి నాయకుడు నరసింగరావు, హైదరాబాదులో కోచింగ్ సెంటర్ నడిపే పెద్దమనిషి. సైన్యంలో ఆయన ఒక్క పూట కూడా పనిచెయ్యలేదు. అందుకేనేమో సైన్యం కంటే బిగుసుగా ఉండేవాడు.

పైడిరాజు గొప్ప పైలట్ అని చెప్పను. దిగేటప్పుడు వాడి విమానం కప్పలా గెంతేది. అయినా, సముద్రం మీద మళ్ళీ తిరగడానికి దేవుడు వాడికి మిగిల్చిన దారి అదొక్కటే. వారమంతా జిరాక్సులు తీసేది ఆ ఆదివారం కోసమే.

దళంలో ఒక నియమం ఉంది. చక్రం కదిలే ముందు నాయకుడు ఒక్కొక్కరినీ గమ్యం అడుగుతాడు.

“డేగ రెండు, ఎక్కడికి?”

“కళింగపట్నం దీపస్తంభం దాకా, సార్!”

“డేగ మూడు, ఎక్కడికి?”

“దీపస్తంభం దాకా, సార్!”

“డేగ నాలుగు, ఎక్కడికి?”

డేగ నాలుగు పైడిరాజు. వాడు జవాబివ్వడు. విమానాన్ని చుట్టూ తిప్పి షెడ్డులోకి తీసుకుపోయి ఇంజను ఆపుతాడు. హెడ్‌ఫోన్ తీసిపెట్టి, బయటికొచ్చి, అరుగు పక్క తొట్టిలో కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, కుండలో నీళ్ళు ముంచుకుని తాగి వస్తాడు. అంతసేపూ మిగతా విమానాలు ఇంజన్లు తిప్పుకుంటూ నిలబడాలి.

“ఏమయ్యా, ఏంటిది?” అని మొదటిసారి నరసింగరావు గర్జించాడు.

“బయల్దేరినోడిని ఎక్కడికని అడక్కూడదండి. ఎల్లిరా అనాలండి.”

హెడ్‌ఫోన్‌లో అందరూ ఒకేసారి నవ్వారు. “ఎల్లిరా అంట! ఇది వైమానిక దళం అనుకున్నావా, అత్తారింటి ప్రయాణం అనుకున్నావా?”

ఆ రోజునుంచి వాడి పేరు డేగ కాదు, ముంత. మంచినీళ్ళ ముంత. హాజరులో కూడా అదే పిలుపు. యాసని వెక్కిరించేవాళ్ళు, దిగేటప్పుడు గెంతితే చప్పట్లు కొట్టేవాళ్ళు. పైడిరాజు పళ్ళు బిగించుకుని ఎగిరేవాడు. చివరికి ఒక ఆదివారం నరసింగరావు తేల్చి చెప్పేశాడు.

“వచ్చే వారం స్మృతి గస్తీ. ఆ యుద్ధంలో సముద్రం మీదకి వెళ్ళి తిరిగిరాని పైలట్ల కోసం. సూర్యోదయానికి బయల్దేరాలి. ఆ రోజు గానీ నువ్వు మంచినీళ్ళకి లేచావో, దళంలోంచి నీ పేరు తీసేస్తాను. అర్థమైందా, ముంతా?”

“అయ్యిందండి.”

యుగంధర్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. “ఆడు అడిగితే ఏదో ఒకటి సెప్పీరా. కంప్యూటర్లో ఇమానానికి సెకునాలేటి?”

“ఒకపాలి నవ్వీసినాను సావుకారూ,” అన్నాడు పైడిరాజు. “మరి నవ్వలేను.”

సరిగ్గా ఆ వారంలోనే పేటలో కూడా గొడవ ముదిరింది. పేట పెద్ద ధనరాజు సాయంత్రం గంగమ్మ రాయి దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు. అసిరయ్య పెద్దలవైపు తిరిగే మాట్లాడాడు, మేనల్లుడి వైపు చూడలేదు.

“ఆడి నీడకి కవళ్ళ సేపలన్నీ అడుక్కి దిగిపోతన్నాయి. వల ఉత్తినే వస్తన్నాది. నా కొడుకుని మింగినాడు, సాలనేదు. ఇప్పుడు పేట కూడు మింగుతన్నాడు.”

“ఇప్పుడు నీడొచ్చింది,” అని వెనకనుంచి ఇంకొకడు అందుకున్నాడు. “ఎనకాల ఇమానాల స్టేసనొస్తాదంటన్నారు. ఆ ఎనకాల మన పేటే ఎగిరిపోద్ది!”

“నా నెత్తళ్ళ సంగతి ఎవలూ అడగరేటి?” అంది తాతమ్మ.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. “నాను తేవడం నేదు మావా. అదే వస్తన్నాది.”

“ఆడు తేకపోతే ఆడి బాబు తెస్తన్నాడా?” అసిరయ్య ధనరాజుతోనే అన్నాడు. “గంగమ్మ రాయి మీద సెయ్యేసి మరి ఎగరనని ఒట్టెయ్యమను. నేదంటే పేట ఒగ్గి పొమ్మను.”

కాదనడానికి ఒక్క నోరూ లేవలేదు. పైడిరాజు అడిగిందల్లా ఒక్కటే, ఆదివారం గస్తీ అయ్యేదాకా ఆగమని. ధనరాజు అసిరయ్య ముఖం చూశాడు.

“ఎగరనీ,” అన్నాడు అసిరయ్య. “ఆకరిపాలి ఎగరనీ. సోమారం పొద్దున్న నాను ఈ రాయి కాడే నిల్సుంటాను.”

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే పైడిరాజు సైకిలు తీశాడు. సందు మొగలో పడవ అంచు మీద నల్లగా మనిషి ఆకారం.

“ఎక్కడికిరా?”

వెనక్కి వెళ్ళాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ వచ్చాడు. ఆ పూట అసిరయ్య రెండోసారి అడగలేదు. ఆకరిపాలి గదా, ఒక్కసారి చాల్లే అనుకున్నాడు కాబోలు.

దుకాణానికి చేరేసరికి హాజరు పిలుస్తున్నారు. వాడు రొప్పుతూ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. అందరి గమ్యాలూ అడగడం అయ్యింది. నరసింగరావు వాడి దగ్గర కావాలనే కాస్త ఆగాడు. గొంతులో నవ్వు వినపడుతోంది.

“ఎక్కడికి, ముంతా?”

“సార్, ఈ ఒక్కపాలికీ ఎల్లిరా అనండి సార్.”

“ఎక్కడికి?”

“సెప్పీరా,” అని యుగంధర్ వాడి మంచి భుజం నొక్కాడు. “గస్తీకని సెప్పీ. ఒక్క మాట.”

పైడిరాజు పెదవులు కదిలాయి. మాట నాలుక మీదకి వచ్చింది కూడా. ఇంతలో వాడి చెవిలో ఎప్పటిదో తన నవ్వే పకపకా వినపడింది. విమానం తిప్పాడు. ఇంజను ఆపాడు. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

తిరిగి వచ్చేసరికి తెర మీద దారి ఖాళీగా ఉంది. విమానాలన్నీ వెళ్ళిపోయాయి. తెర పక్కన దళం పేర్లలో వాడి పేరు లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంజను తిప్పితే ఒక్క మనిషి గొంతు కూడా లేదు, వాడి ఇంజను చప్పుడు తప్ప.

“అయిపోయిందేటి?” అన్నాడు యుగంధర్.

“దళం అయిపోయింది,” అన్నాడు పైడిరాజు. “ఇమానం ఉన్నాది.”

ఒంటరిగా లేచాడు. తెర మీద సూర్యుడు అప్పుడే నీళ్ళలోంచి ఎర్రగా పైకొస్తున్నాడు. దీపస్తంభం దగ్గర అందరూ చచ్చిపోయిన పైలట్లకి రెక్కలు వంచి దండం పెడతారు. తనకక్కడ చోటు లేదు గనక, పైడిరాజు సముద్రం మీంచి తన ఒడ్డు వైపు మళ్ళాడు.

ఆ ఆటలో సూరాడపేట లేదు. ఇల్లు లేదు, పడవ లేదు, గంగమ్మ రాయి లేదు. ఉత్త ఇసక. కానీ ఏరు సముద్రంలో కలిసే వంపు మాత్రం ఉంది. ఆ వంపుకి దిగువన మూడో కెరటం విరిగే చోటు వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అక్కడికి రాగానే కిందకి దిగి, ఒక రెక్క వంచాడు, రెండోది వంచాడు. చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ వంచాడు.

“దాలయ్య బావా,” అన్నాడు. ఎంతసేపు అలా తిరిగాడో వాడికీ తెలియదు. తలుపు దగ్గర నిలబడ్డ యుగంధర్ ఆ పూట చేపల వాసన మాట ఎత్తలేదు.

ఎండ బాగా ఎక్కాక, ఇవాళ వీపు మీద దెబ్బలు తప్పవనుకుంటూ పైడిరాజు పేటలోకి వచ్చాడు. విచిత్రంగా ఎవరూ తిట్టలేదు. మగవాళ్ళు వాణ్ణి చూసి ముఖాలు తిప్పుకున్నారు. గుమ్మంలో తాతమ్మ ఖాళీ బుట్ట పక్కన కూర్చుని ఉంది.

“రా, రా! నీ గస్తీ తగలెయ్య! నెత్తళ్ళు బుట్టెడు పోనాయి!”

“నీడ పడితే పోతాయేటి మామ్మా?”

“నీడకి కాదురా, కెరటానికి!”

అని, తిట్టుకీ తిట్టుకీ మధ్య తాతమ్మ చెప్పింది. అసిరయ్యా, అతని పడవ మీద పనిచేసే జోగయ్యా, ఇంకిద్దరూ పడవని దుంగల మీంచి నీళ్ళ అంచుకి తెచ్చారు. ముక్కు నీటిలో పడింది. అప్పుడొచ్చింది నీడ, పొద్దు వాలుగా ఉండడం చేత తాటిచెట్టంత పొడుగున. ఎప్పుడూ వచ్చినదారిన పోయేది ఆ రోజు పోలేదు. పడవ ముక్కుకి అడ్డంగా పడి, ఒక రెక్క వంచింది, రెండోది వంచింది, తిరిగింది, మళ్ళీ వచ్చింది. ఏ చోట తిరుగుతోందో ఒడ్డున ఉన్న వాళ్ళందరికీ తెలుసు.

“నా కొడుకు పోయిన కాడ ఆడి నీడేటి!” అని అసిరయ్య తెడ్డు ఎత్తి నీళ్ళని కొట్టాడట. “తొయ్యండ్రా!”

జోగయ్య తొయ్యలేదు. “ఎదురొచ్చింది మావా.”

“నీడ ఎదురేటిరా?”

“అడ్డంగా నిలబడి ఎక్కడికని అడుగుతన్నట్టు నేదా? మూడేళ్ళ బట్టి నువ్వే కదా సెప్తన్నావు, ఎనక్కి మళ్ళాలని. దాలయ్య ఆవేళ మళ్ళనేదనే గదా…” జోగయ్య పడవ మీంచి చెయ్యి తీసేశాడు.

అసిరయ్య ఆ తెడ్డుతో జోగయ్యనే కొడతాడనుకున్నారు. పడవ తోసుకుపోతే తనకీ, ఆ రోజు నవ్విన మేనల్లుడికీ తేడా ఏముంది? ఆ సంగతి ముందు ఆయన ముఖం మీదికి వచ్చింది, ఆ తర్వాత నోట్లోంచి ఉమ్ము వచ్చింది. “లాగండి పైకి,” అన్నాడు. పడవని మెరక దాకా లాగారు. తలో ఇంటికీ పోయి కాళ్ళు కడుక్కున్నారు, కూర్చున్నారు.

“మీ మావ ముంత నోటికాడ ఎట్టుకున్నాడో నేదో,” అంది తాతమ్మ, “గాలి నేదు, మబ్బు నేదు, సంద్రం నూనె పోసినట్టున్నాది. అలాంటి సంద్రం లేసిపోనాది! ఒకదాని ఎనకాల ఒకటి, మూడు, గోడలల్లే! అదే సోట ఇరిగినాయి. దుంగలు పోనాయి, బుట్టలు పోనాయి, గంగమ్మ రాయి దాకా నీల్లు. మల్లీ ఏటీ ఎరగనట్టు సల్లబడిపోనాది.”

పైడిరాజు ఖాళీ బుట్టలోకి చూశాడు. “పడవ అక్కడే ఉండుంటే?”

“ఉండుంటే ఏటి? నేదు గదా! నా నెత్తళ్ళు పోనాయి గాని!” అని తాతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.

సోమవారం పొద్దున్న పైడిరాజు స్నానం చేసి గంగమ్మ రాయి దగ్గరకి వెళ్ళాడు. ధనరాజు పసుపు నీళ్ళ చెంబుతో నిలబడ్డాడు. పేటంతా వచ్చింది. అసిరయ్య రాలేదు. మనిషిని పంపితే, “నాకు పనున్నాది” అని తలుపు లోపలినుంచే కబురు వచ్చింది.

ధనరాజు చాలాసేపు చూశాడు. “ఒట్టు అడిగినోడు రాకపోతే, ఈడు ఎవలికని వెయ్యాల?” అన్నాడు. ఆయన పసుపు నీళ్ళు తల్లి మీద పోసి, దండం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

తరవాతి ఆదివారం పైడిరాజుకి దళం లేదు, హాజరు లేదు. అయినా చీకటితోనే సైకిలు తీశాడు. సందు మొగలో, పడవ అంచు మీద, అసిరయ్య ఎప్పటిలాగే వల బాగుచేసుకుంటున్నాడు. పైడిరాజు అలవాటు కొద్దీ ముందే బ్రేకు వేసి, వెనక్కి తిప్పడానికి కాలు నేల మీద ఆనించాడు.

అసిరయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో వల దారం పెట్టుకుని పుటుక్కున కొరికాడు.

పైడిరాజు నిలబడే ఉన్నాడు. అసిరయ్య తల ఎత్తలేదు. గొంతులో మంట కూడా ఏమీ తగ్గలేదు.

“ఏటి నిల్సున్నావు? తెల్లారిపోతన్నాది.”

ఆ పూట నీడ వేళకే వచ్చింది. కోళ్ళు పిల్లల్ని దాచుకున్నాయి, తాతమ్మ చీపురు ఎత్తింది. నీళ్ళ అంచున అసిరయ్య పడవ అప్పటికే చాలాసేపటి నుంచి కదలకుండా నిలబడి ఉంది. నీడ వచ్చి, మూడో కెరటం దగ్గర రెక్కలు వంచి, మెల్లగా దాటిపోయాక, అప్పుడు కదిలింది. అంతసేపూ దేనికోసం ఆగిందని ఎవరూ అడగలేదు. బయల్దేరే వాళ్ళని ఏమీ అడగకూడదు కదండీ.